కొండ నడకకూ తాడు పనికీ ఒకే చాకు సరిపోతుందా? మల్టీటూలు కొనడం మంచిదా?

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి ఉదయగిరి దుర్గం, భైరవకోన, పెంచలకోన వైపు కొండలు ఎక్కడం రెండేళ్లుగా అలవాటైంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే నడకలే కాబట్టి, ఇంతకాలం సంచిలో నీళ్లు, పులిహోర పొట్లం, ఒక టార్చి తప్ప వేరే సరంజామా అవసరం పడలేదు. ఈ ఏడాది రెండు మార్పులు వచ్చాయి. భువనగిరిలో రాక్ క్లైంబింగ్ ప్రాథమిక శిక్షణకు వెళ్లివచ్చాను. త్వరలోనే తరువాతి శిక్షణకు కూడా వెళ్తాను. వచ్చే వేసవిలో మేము నలుగురం ఉత్తరాఖండ్‌లో ఎనిమిది రోజుల పాటు గుడారాలు, వంటసామాను మోసుకుంటూ నడవాలని నిశ్చయించుకున్నాము.

మొన్న సంక్రాంతి సెలవుల్లో దుర్గం దిగుతుండగా ఒక మిత్రుడి సంచి భుజంపట్టీ బకిల్ దగ్గర విరిగింది. చివర కొంచెం కోసి, మడిచి, తాడుతో బిగించి కడితే కిందిదాకా వచ్చేస్తుందనుకుని నా దగ్గరున్న మల్టీటూలు (చాకు, పట్టకారు లాంటివి ఒకే పిడిలో మడిచి ఉండే పనిముట్టు) తీశాను. దాన్ని ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కొన్నాను. పదిహేను పనిముట్లు ఉన్నాయని పెట్టె మీద రాసి ఉంది. దాని బ్లేడు నైలాన్ పట్టీ మీద జారిందే తప్ప దిగలేదు. మొన గుచ్చి ఇంకాస్త గట్టిగా నొక్కేసరికి బ్లేడు నా వేళ్ల మీదికే మడుచుకుని, చూపుడువేలి కణుపు దగ్గర అరంగుళం మేర తెగింది. పట్టకారుతో బకిల్ పిన్ను లాగబోతే రివెట్ వదులై రెండు దవడలూ పక్కకు జరిగిపోయాయి. చివరికి పట్టీని ఒక రాతి అంచు మీద పెట్టి, ఇంకో రాయితో నలగ్గొట్టి తెంపవలసి వచ్చింది.

ఇప్పుడు మంచిది కొనాలనుకుంటున్నాను. పట్టకారు ఉన్న లెదర్‌మన్ వేవ్ లాంటిది తీసుకోవాలా, కత్తెర ఉన్న స్విస్ చాకు తీసుకోవాలా, లేక ఒరతో వచ్చే గట్టి కత్తి తీసుకోవాలా అన్నది తేలడం లేదు. తాడు మీద పనికీ నడకకూ ఒకటే సరిపోతే మరీ సంతోషం. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరని ప్రార్థన.

గట్టుదారి (ఒంగోలు)

పెన్నాతీరం గారూ, ముందుగా ఆ వేలికి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారని ఆశిస్తున్నాను. నేను ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక శిక్షణ పూర్తిచేశాను; ఆ తరువాత కూడా ఏటా కొంతకాలం తాడు మీద గడుపుతున్నాను. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు అవసరాలు కలిసిపోయాయి కాబట్టి, వాటిని విడదీస్తేనే జవాబు దొరుకుతుంది. నడకలో చాకు రోజూ వాడే వస్తువు. తాడు మీద మాత్రం, ఏ రోజూ తెరవవలసిన అవసరం రాకుండా చూసుకోవలసిన వస్తువు అది.

ఎందుకిలా అంటున్నానో మా శిక్షణలో చూపించిన ఒక సంగతి చెబుతాను. మా శిక్షకుడు వాడకం నుంచి తీసేసిన 11 మిల్లీమీటర్ల స్టాటిక్ (బరువు పడినా పెద్దగా సాగని) తాడు ముక్కను పైనుంచి వేలాడదీసి, దాని కింద మనిషి బరువుకు సరిపడా రాళ్లు నింపిన సంచి కట్టారు. ఐరోపా ప్రమాణం ప్రకారం ఇటువంటి తాడు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నులకు పైబడిన బరువును ఆపాలి. ఆయన చాకు వాదరను ఆ తాడుకు ఆనించారు, రుద్దలేదు, నొక్కలేదు. పై తొడుగు ఒక్కసారిగా విచ్చుకుంది, లోపలి తెల్లటి పోగులు టపటపమని తెగాయి, మేము ఏమి జరుగుతోందో గ్రహించేలోపే సంచి నేల మీద ఉంది. ఆ తరువాత అదే తాడులో వదులుగా ఉన్న ముక్కను మా చేతికిచ్చి కోయమన్నారు. అదే చాకుతో రంపంలా ముందుకూ వెనక్కూ ఎన్నోసార్లు లాగితే గానీ అది తెగలేదు. బిగిసిన తాడుకూ వదులు తాడుకూ ఉన్న ఈ తేడాను కళ్లారా చూసినవారెవరూ తమ బరువు మోస్తున్న తాడు దగ్గర చాకు తెరవరు.

ర్యాపెలింగ్‌లో తాడు మీద జారుతూ దిగుతున్నప్పుడు చొక్కా అంచో జుట్టో, తాడు జారే వేగాన్ని అదుపు చేసే లోహపు పరికరమైన డిసెండర్‌లో ఇరుక్కుంటే కోసుకోవడానికి చాకు ఉండాలని చాలామంది చెబుతారు. ఆ పరిస్థితిలో మొదట చేయవలసిన పని చాకు తీయడం కాదు. డిసెండర్ పైన తాడుకు ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టుకునే ముడి) వేసి, దానికి ఒక స్లింగ్ (గట్టి పట్టీతో చేసిన వలయం) తగిలించి, అందులో కాలు పెట్టి నిలబడితే బరువు డిసెండర్ మీద నుంచి తప్పుతుంది. ఇరుక్కున్నది దానంతటదే వదులవుతుంది. కాబట్టి 6 మిల్లీమీటర్ల ప్రూసిక్ తాడు ముక్కలు రెండు, నడుముకూ తొడలకూ కట్టుకునే మీ హార్నెస్‌కు ఎప్పుడూ ఉండాలి. వాటిని ఒంటిచేత్తో చుట్టడం వచ్చేదాకా చాకు గురించి ఆలోచించవద్దని నా మనవి.

మరి తాడు మీద చాకు దేనికంటే, ముఖ్యంగా యాంకర్ దగ్గర, అంటే తాడును రాతికో చెట్టుకో కట్టే చోట, పని కోసం. ఎవరో ఎప్పుడో చెట్టుకో రాతికో చుట్టి వదిలేసిన, ఎండకు వెలిసి పెళుసుబారిన స్లింగులను కోసి తీసేయడానికి, వాటి స్థానంలో కట్టవలసిన కొత్త తాడును కొలతకు కోసుకోవడానికి అది కావాలి. ఆ పనులకు చిన్న చాకు చాలు. దాని వెనుక క్యారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) పట్టేంత రంధ్రం ఉండాలి, మరో చేతిలో తాడు ఉన్నా ఒంటిచేత్తో తెరుచుకోవాలి, తెరిచాక తాళం పడాలి, మూసి ఉన్నప్పుడు రాతికి రాసుకున్నా దానంతటదే తెరుచుకోకూడదు. పెట్జెల్ స్పాథా సరిగ్గా ఈ పనికోసమే చేసిన చాకు. బరువు సుమారు 43 గ్రాములు, వాదరలో కొంత భాగం పళ్లతో ఉంటుంది కాబట్టి నైలాన్‌ను జారకుండా పట్టుకుంటుంది. సుమారు 240 గ్రాములుండే వేవ్‌ను హార్నెస్‌కు వేలాడదీయడం మాత్రం సరికాదు. అది ఊగుతూ మోకాలికి తగులుతుంది, పైనుంచి జారితే కిందనున్నవారి తల పగులుతుంది.

శిక్షణలో ఉన్నంతకాలం మీకు ఈ చాకు అవసరమే రాదు. శిక్షకుల దగ్గర ఉంటుంది. యాంకర్లు కట్టడం నేర్చుకునే దశకు వచ్చాక కొనుక్కోండి. ప్రస్తుతం మీరు కొనవలసింది నడకకు పనికివచ్చే చాకు మాత్రమే. దాని గురించి నాకన్నా ఎక్కువ రోజులు గుడారాల్లో గడిపినవారు చెబితే బాగుంటుంది.

సముద్రపుగాలి (కావలి)

గట్టుదారి గారు తాడు సంగతి చెప్పారు కాబట్టి నేను నడక సంగతి చెబుతాను. నేను బడిలో టీచర్‌ను. వేసవి సెలవుల్లో నాలుగుసార్లు హిమాలయ నడకలకు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు, చాకును దేనికి తెరుస్తున్నానో ప్రతి రాత్రీ చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఆరు రోజులలో కత్తెరను పదిహేడు సార్లు వాడాను. బొబ్బలెక్కిన మడమకు అంటించే ప్లాస్టరును గుండ్రంగా కత్తిరించడానికి, గోళ్లకు, ఓఆర్‌ఎస్ పొట్లాలకు, ఊడిన దారాలకు, ఒకసారి తోటి ప్రయాణికురాలి చిరిగిన గాలికోటుకు అంటించే టేపుకు వాడాను. ముల్లు తీసే ట్వీజర్‌ను నాలుగుసార్లు వాడాను. బ్లేడును తొమ్మిదిసార్లు తెరిచాను. అందులో ఎక్కువభాగం ఉల్లిపాయలు, వెన్న, తాడు ముక్కలు. సీసామూత తీసేది, స్క్రూడ్రైవరు లాంటివి ఒక్కసారి కూడా తెరవలేదు.

ప్లాస్టరును మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించాలి. మూల ఉంటే మేజోడు రాసుకుని అక్కడి నుంచే లేచిపోతుంది. ఆ పని చాకు బ్లేడుతో చేయబోతే ప్లాస్టరు ముడుచుకుపోతుంది. ఎనిమిది రోజుల నడకలో మనిషిని ఆపేది పులీ కాదు, ఎలుగుబంటీ కాదు, మడమ మీది బొబ్బ. అందుకని కత్తెర లేని చాకును నేను కొనను.

నేను వాడుతున్నది విక్టోరినాక్స్ క్లైంబర్. పేరు చూసి తాడు మీద వాడేదని పొరబడకండి. దానికి ఒంటిచేత్తో తెరిచే వీలూ లేదు, తాళమూ లేదు. 91 మిల్లీమీటర్ల పిడి, రెండు బ్లేడులు, కత్తెర, ట్వీజర్ ఉంటాయి. సుమారు 82 గ్రాముల బరువు. ఇంకా తేలిక కావాలంటే ఆ కంపెనీదే 58 మిల్లీమీటర్ల క్లాసిక్ ఉంది, 22 గ్రాములకు మించదు, అందులోనూ కత్తెర ఉంది. అయితే బ్లేడు మరీ చిన్నది, ఉల్లిపాయ కోయడానికి సరిపోదు. దానికి తోడు ఒక దబ్బనం, గట్టి దారం, నాలుగు పిన్నీసులు పెట్టుకోండి. సంచి పట్టీ తెగితే కుట్టేది దబ్బనమే గానీ చాకు కాదు.

చెంచా, ఫోర్కు కూడా ఉండే పరికరాల జోలికి వెళ్లకండి. మీరు ఎలాగూ ఉదయగిరి వెళ్తుంటారు కదా, అక్కడ చేసే చెక్క చెంచా ఒకటి తెచ్చుకోండి. తేలికగా ఉంటుంది, వేడెక్కిన గిన్నెలో పెట్టినా చేయి కాలదు, గిన్నె గీరుకుపోదు.

రాపూరు రహదారి (రాపూరు)

అయ్యా, నేను అటవీ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ ముగ్గురి మాటలూ చదివాను. ఎంతో ఉపయోగకరంగా ఉన్నాయి గానీ, ఇక్కడి కొండల విషయంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటి మిగిలిపోయింది.

పెంచలకోన చుట్టూ ఉన్న అడవి శ్రీ పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, అధికారుల నుంచి ముందుగా లిఖితపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించరాదు. అదే చట్టం 2వ సెక్షన్‌లో ‘ఆయుధం’ అనే మాటకు ఇచ్చిన వివరణలో తుపాకులు, విల్లంబులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఇంత పొడవు లోపుదైతే పరవాలేదన్న మినహాయింపు అందులో లేదు. గుడికి వెళ్లివచ్చే భక్తులను ఎవరూ జేబులు తడమరు, నిజమే. కానీ గుడి దాటి కోనలోకి, జలపాతం పైకి సంచులతో వెళ్లేవారి విషయం వేరు. పైగా ఇది ఎర్రచందనం పెరిగే నేల. గొడ్డలి, మచ్చుకత్తి, రంపం లాంటివి సంచిలో కనిపిస్తే, మీరు ఎంత సదుద్దేశంతో వచ్చినా మా సిబ్బంది మిమ్మల్ని ఆపి ప్రశ్నించక తప్పదు. వారి స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. నడక కోసం అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో అనుమతి అడిగేటప్పుడే, ఎంతమంది వస్తున్నారు, ఏ దారిన వెళ్తారు అన్న వివరాలతో పాటు ప్రథమచికిత్స కోసం కత్తెరా మడత చాకూ ఉన్నాయని ఉత్తరంలోనే రాయండి. వద్దంటే మీరు దిగిన గదిలోనే వదిలి వెళ్లండి. ఒక్క రోజు నడకకు చిన్న కత్తెర, ముల్లు తీసే ట్వీజర్ ఉంటే ఇబ్బంది ఏమీ రాదు.

ఆయుధాల చట్టం కింది నియమాల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవుగానో, 2 అంగుళాల కన్నా వెడల్పుగానో ఉండి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినది కాని కత్తులను అవి ఆయుధాలుగా చూస్తాయి. మీరు అనుకుంటున్నవి వేటికీ ఆ కొలత రాదు. అయితే ఆ నియమం వేరు, అభయారణ్యం నియమం వేరు. ఒకటి వర్తించనంత మాత్రాన రెండోది తొలగిపోదు.

ఇంకొక్క మాట చెప్పాలి, ఇది నా ఉద్యోగంలో నన్ను బాగా బాధపెట్టిన విషయం. ఈ కొండల్లో రక్తపింజరి, నాగుపాము, కట్లపాము ఉన్నాయి. పాము కాటు వేస్తే కోసి రక్తం పిండాలనే నమ్మకంతోనే చాలామంది జేబులో బ్లేడో చాకో పెట్టుకుంటారు. ఒక పశువుల కాపరిని అలా నాలుగుచోట్ల కోసిన కాలితో మోసుకువచ్చారు. కాటు వేసిన గాయం కనిపించడమే లేదు, కోతలు మాత్రం రక్తం ఓడుతూనే ఉన్నాయి. పింజరి విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి, కోసిన ప్రతి చోటా రక్తం ఆగకుండా కారుతుంది. అందువల్ల కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఉంగరాలూ కాలి పట్టీలూ తీసేసి, కాలు కదలకుండా కర్రతో ఆసరా కట్టి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. ఆసరా కట్టడానికి మీ కత్తెరతో తువ్వాలును పట్టీలుగా కత్తిరించుకోండి. పాము కాటులో చాకుకైనా కత్తెరకైనా ఉన్న పని అదొక్కటే.

ఎదురుగాలి (కందుకూరు)

పెద్దల మాటకు అడ్డు చెప్పడం కాదు గానీ, ఒరతో వచ్చే గట్టి కత్తిని ఎవరూ పట్టించుకోకపోవడం సరికాదనిపిస్తోంది. మోరా కంపెనీ వారి కంపానియన్ లాంటి కత్తికి సుమారు 10 సెంటీమీటర్ల బ్లేడు ఉంటుంది, ఒరతో కలిపి కూడా బరువు 120 గ్రాములకు మించదు. మడత లేదు కాబట్టి వేళ్ల మీదికి మూసుకోదు. పెన్నాతీరం గారికి జరిగిన ప్రమాదం దానితో జరిగే అవకాశమే లేదు. కూరగాయలు కోశాక ఒక్కసారి కడిగితే చాలు, మడత సందుల్లో మురికి చేరదు. చలిలో మొద్దుబారిన వేళ్లతో గోరు పెట్టి బ్లేడు లాగే బాధ కూడా లేదు.

గట్టుదారి (ఒంగోలు)

ఎదురుగాలి గారూ, మీరు చెప్పిన గుణాలన్నీ నిజమే. కట్టెలు చీల్చి నిప్పు చేసుకోవలసిన చోట నేనూ అదే తీసుకువెళ్తాను. వీరు వెళ్లేది గ్యాస్ పొయ్యితో వండుకునే నడక. వెలిగొండల్లోనైతే ఎండాకాలంలో నిప్పు పెట్టడమే నేరం, ఎండుగడ్డి అంటుకుంటే కొండంతా కాలిపోతుంది. నడుముకు ఒరతో కత్తి కనిపిస్తే రాపూరు రహదారి గారు చెప్పిన ఇబ్బంది మరింత పెరుగుతుంది. వంటవారు ఒకరు సంచి లోపల పెట్టుకుంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. అభయారణ్యం నియమం నాకు ఇంతకాలం తెలియలేదు. ఇంతకు ముందు పెంచలకోన పైకి వెళ్లినప్పుడు ఆ మల్టీటూలు నా జేబులోనే ఉంది. ఇకపై అనుమతి ఉత్తరం లేకుండా వెళ్లము.

రెండు సందేహాలు మిగిలాయి. క్లైంబర్‌కు పట్టకారు లేదు. ఎనిమిది రోజుల నడకలో పొయ్యికో గుడారానికో మరమ్మతు వస్తే పట్టకారు లేకుండా గడుస్తుందా? రెండోది, మా ఇంట్లో కత్తిపీటకే వారం తిరక్కుండా తుప్పు పడుతుంది; సముద్రం దగ్గరి గాలి అలాంటిది. చాకు ఏ ఉక్కుతో చేసినదైతే మంచిది? నా పాత మల్టీటూలుకు సాన పట్టిస్తే పనికివస్తుందా?

నల్లరాయి (చీమకుర్తి)

పెన్నాతీరం గారూ, నేను గ్రానైటు కోసే యంత్రాల మరమ్మతు చేసే ఫిట్టర్‌ను. కొండలు ఎక్కడం తెలియదు గానీ ఇనుము సంగతి రోజూ చూసేదే కాబట్టి రాస్తున్నాను.

మీ పాత పనిముట్టును సాన పట్టించి ప్రయోజనం లేదు. ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో చల్లార్చి, మళ్లీ తగినంత వేడి చేస్తేనే దానికి గట్టిదనమూ, విరగని గుణమూ రెండూ వస్తాయి. చవక పనిముట్లలో ఈ పని సరిగా జరగదు. మెత్తటి ఉక్కుకు ఎంత పదును పెట్టినా, రెండు కోతలకే వాదర ఒక పక్కకు వాలిపోతుంది. మీ బ్లేడు నైలాన్ మీద జారడానికి కారణం అదే. పట్టకారు దవడలు పక్కకు జరగడానికి కారణం మెత్తటి రివెట్. బ్లేడు మడుచుకోవడం మాత్రం వేరే లోపం, దానికి తాళం లేదు. క్లైంబర్‌కు కూడా తాళం లేదని సముద్రపుగాలి గారు చెప్పారు కదా, కాబట్టి దాన్ని పొడవడానికో, మొన మీద బలం పెట్టి తిప్పడానికో వాడకండి. మీ వైపుకు లాగుతూ కోసే పనులకే వాడండి, అప్పుడు బలం బ్లేడును తెరిచే వైపుకే పడుతుంది. తాళం తప్పనిసరిగా కావాలనిపిస్తే ఒపినెల్ 8వ నంబరు చూడండి. పిడి మెడ దగ్గర ఉన్న ఉంగరాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. బరువు 50 గ్రాముల లోపే. దాని పిడి బీచ్ కర్ర. వానలో తడిస్తే ఉబ్బి బ్లేడు తెరుచుకోవడం కష్టమవుతుంది. కార్బన్ ఉక్కుదీ, తుప్పు పట్టనిదీ రెండు రకాలు దొరుకుతాయి. కార్బన్ ఉక్కు పదును గొప్పగా తీసుకుంటుంది గానీ, నెల్లూరు గాలిలో మీ కత్తిపీటకు పట్టిన గతే దానికీ పడుతుంది. మీరు తుప్పు పట్టని రకమే తీసుకోండి.

స్విస్ చాకుల ఉక్కు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. ఇంతకన్నా గట్టి ఉక్కులు ఉన్నాయి, వాటి పదును ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ అవి మొద్దుబారితే కొండ మీద మామూలు రాయితో పదును రాదు. మెత్తదనం కాస్త ఉన్న ఉక్కు త్వరగా మొద్దుబారినా, త్వరగా పదునెక్కుతుంది. ప్రయాణంలో ఉన్నవారికి అదే మేలు. ఎర్ర పిడితో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. బ్లేడు మొదట్లో విక్టోరినాక్స్, స్విస్ మేడ్ అని చెక్కి ఉందో లేదో చూసి కొనండి.

పదును పెట్టడం ఇంట్లోనే నేర్చుకోండి. సానరాయిని తడి బట్ట మీద కదలకుండా పెట్టి నీళ్లు చల్లండి. బ్లేడును రాయి మీద నిలువుగా ఆనిస్తే 90 డిగ్రీలు, సగం వాలిస్తే 45, ఆ 45లో సగానికి కొంచెం తక్కువే మిగిలేలా ఇంకా వాలిస్తే దాదాపు 20 డిగ్రీలు. ఆ కోణం చేతికి అలవాటు కావాలి. రాయి మీది నుంచి పలచటి పొర కోస్తున్నట్టు, పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే ఒత్తిడితో తోయండి. కొన్నిసార్లు తోశాక, అవతలి పక్కన వాదర మీద బొటనవేలి గోరును అడ్డంగా, మెల్లగా లాగి చూడండి. వెంట్రుకంత గరుకు తగులుతుంది. మేము దాన్ని బర్రు అంటాము. అది పిడి నుంచి మొన దాకా తగిలితేనే ఆ పక్క పూర్తయినట్టు. రెండో పక్కన కూడా అలాగే చేసి, చివర ఒత్తిడి బాగా తగ్గించి, ఒక్కొక్క పక్కన ఒక్కొక్కసారి మార్చి మార్చి తోస్తే ఆ గరుకు రాలిపోతుంది. చాలామంది గరుకు తగలకముందే పక్క మారుస్తారు, అందుకే గంటసేపు రుద్దినా పదును రాదు. ప్రయాణంలో రాయి లేకపోతే పింగాణీ టీకప్పును బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గుండ్రటి అంచు ఉంటుంది, దాని మీద పది సార్లు లాగినా వాదర సర్దుకుంటుంది.

పట్టకారు గురించి అడిగారు. నలుగురు వెళ్తున్నప్పుడు నలుగురికీ అవసరం లేదు, జట్టుకు ఒకటి చాలు. దాని ముఖ్యమైన పని జిప్పు. గుడారం జిప్పు పళ్లు కలవకుండా వెనకాల విడిపోతుంటే, తప్పు సాధారణంగా పళ్లది కాదు, అరిగి వెడల్పైన స్లైడరుది. స్లైడరు వెనుక భాగంలో కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి పట్టకారుతో చాలా కొద్దిగా, అగ్గిపుల్ల విరగనంత ఒత్తిడితో నొక్కి, జిప్పు వేసి చూడండి. చాలకపోతే ఇంకొంచెం నొక్కండి. ఒకేసారి గట్టిగా నొక్కితే స్లైడరు పగిలిపోతుంది. ఈ పనికి వేవ్ అంత బరువు అక్కరలేదు; ఆ కంపెనీదే స్కెలిటూలు 142 గ్రాములు ఉంటుంది, పట్టకారూ తాళం ఉన్న బ్లేడూ రెండూ అందులో ఉన్నాయి.

తుప్పు విషయంలో ఉప్పు, నిమ్మరసం, మామిడికాయ తగిలిన బ్లేడును అలాగే మడవకండి. వేడి సబ్బునీళ్లలో తెరిచి మూసి కడిగి, పూర్తిగా ఆరాక మడత దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు కట్టి బ్లేడు బిగుసుకుంటుంది. ‘తుప్పు పట్టనిది’ అన్నది పేరుకే, మన గాలికి అదీ మచ్చలు పడుతుంది.

సముద్రపుగాలి (కావలి)

ఒక చిన్న విషయం మరచిపోయాను. విమానంలో వెళ్తే చాకునూ మల్టీటూలునూ చేతిసంచిలో ఉంచకండి, తనిఖీలో తీసేసుకుంటారు. లగేజీలో వేసే పెద్ద సంచిలో పెట్టండి. తిరుగు ప్రయాణంలోనే చాలామంది ఈ పొరపాటు చేస్తారు, ఎనిమిది రోజులు జేబులో ఉండటం వల్ల అది ఉందన్న సంగతే గుర్తుండదు.

పెన్నాతీరం (నెల్లూరు)

మూడు వారాల తరువాత రాస్తున్నందుకు మన్నించండి. మేము నలుగురం కూర్చుని మాట్లాడుకుని, ఇద్దరికి క్లైంబర్లు, జట్టు మొత్తానికి ఒక స్కెలిటూలు, వంట చూసే మిత్రుడి సంచిలో ఒక ఒపినెల్ అని నిర్ణయించుకున్నాము. తాడు చాకు ఇప్పుడు కొనడం లేదు. దానికి బదులు ప్రూసిక్ తాడు మూడు మీటర్లు తెచ్చి, మా ఇంటి మేడమెట్ల కమ్మీకి వేలాడదీసిన తాడు మీద రోజూ రాత్రి పది నిమిషాలు ముడి వేయడం సాధన చేస్తున్నాను. కుడిచేత్తో వస్తోంది, ఎడమచేత్తో ఇంకా రావడం లేదు. రాపూరు రహదారి గారు చెప్పినట్టే పెంచలకోన అనుమతి కోసం ఉత్తరం రాసి, అందులో కత్తెర సంగతి కూడా చేర్చాను. అక్కడికి చాకు తీసుకువెళ్లడం లేదు.

నల్లరాయి గారూ, చాకు రాగానే దానిమీద చేయి పెట్టకుండా, మొదట మా వంటింటి పాత కత్తి మీద మీరు చెప్పిన పద్ధతి ప్రయత్నించాను. మొదటి రోజు గరుకు తగలలేదు. రెండో రోజు మొన దగ్గర మాత్రమే తగిలింది, అంటే పిడి వైపు నా చేయి పైకి లేస్తోందన్నమాట. నాలుగో రోజుకు పిడి నుంచి మొన దాకా సన్నటి తీగలా గోటికి తగిలింది. ఆ రోజు మా అమ్మ టమోటా కోయబోయి, కత్తి ఇంత పదునుగా ఎప్పుడైందని అడిగింది.

నిన్న మిత్రుడు ఆ సంచి తీసుకువచ్చాడు. రాయితో నలగ్గొట్టిన పట్టీ చివర పోగులు పోగులుగా చెదిరిపోయి అలాగే ఉంది. క్లైంబర్‌తో మీరన్నట్టు నా వైపుకు ఒక్కసారి లాగితే తిన్నగా తెగింది. తెగిన అంచును లైటరు మంటకు రెండు క్షణాలు చూపించి పోగులు విడిపోకుండా కరిగించాము. కొత్త బకిల్ వేసి, దబ్బనంతో మేమే రెండు వరసలు కుట్టుకున్నాము.